‘కొట్టాడా?’ అనే ఒక్క ప్రశ్న: రుఖ్మాబాయి కేసు నుంచి మన సంఘం పంచాయితీ దాకా



పోయిన రెండు వ్యాసాల్లో మన పెద్దలు ఈ ఊరికి ఎట్లా వచ్చారో రాశాను. ఈసారి రాసేది ఇంటి లోపలి చరిత్ర. కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు రాత పెళ్ళయినాక మా మామగారి దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి, విషయాన్ని మాత్రం వదిలేయకండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టబోతున్నాను. అది ఎందుకో ఇందులో ఉంది.

1994లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. అప్పటికి మన సంఘానికి హాలు లేదు, రేకుల షెడ్డే. ఒక ఆదివారం పొద్దున ఒక అమ్మాయి పంచాయితీకి వచ్చింది. పెళ్ళయి మూడేళ్ళు. చేసుకున్నది సొంత మేనమామనే. అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. నా చేతిరాత బాగుంటుందని రాజీ పత్రం రాయడానికి నన్ను పిలిచారు. అప్పుడు నేను పార్సెల్ ఆఫీసులో గుమస్తాను.

పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న: ‘కొట్టాడా?’ లేదంది. ‘తాగుతాడా?’ లేదు. ‘ఇంకో ఆడది ఉందా?’ లేదు. ‘మరి ఏమమ్మా నీ కష్టం?’

అంగడికి పోయేటప్పుడు బయట తాళం వేసుకుని పోతాడంది. తన చెప్పులు అంగట్లో పెట్టుకుంటాడంది. అమ్మ రాసిన ఉత్తరం ముందు ఆయన చదివి, తరువాత ఇస్తాడంది. ఈ మాటలన్నీ భర్త పక్కనే కూర్చుని ఉండగా, తల దించుకుని చెప్పింది. తరువాత సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో ఖర్చయిన ప్రతి పావలాకూ అందులో లెక్క ఉంది. ఏ గంటకు ఏం చేసిందో కూడా రాసి ఉంది. రాత్రి ఆయన చూసి సంతకం పెట్టాలి.

నేను గుమస్తాను కదా, పేజీలు తిప్పి చూశాను. కొట్టివేతలు లేవు, కూడికలు తప్పు లేవు. ‘లెక్క చాలా చక్కగా రాశావమ్మా’ అన్నాను. అందరూ నవ్వారు. ఒక పెద్దాయన, ‘సొంత మేనమామ, నీ మీద ప్రేమ ఎక్కువై జాగ్రత్త చేస్తున్నాడు’ అన్నారు. రాజీ పత్రం నేనే రాశాను. ఆమె సంతకం పెట్టింది. సాయంత్రం బస్సులో వెనక్కి పంపించాము.

2009లో ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. అప్పటికి ఆ ఇల్లు విడిచి, కూతురితో వేరే ఊళ్ళో కుట్టుపని చేసుకుంటోంది. నా దగ్గరికి వచ్చి కోపం లేకుండానే చెప్పింది: ‘ఆ నోటుబుక్కులు పదకొండు అయ్యాయి అన్నా.’

ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది. గుర్తు పట్టే వివరాలు మార్చాను.

రిటైరయినాక నేను పాత తీర్పులు, చట్టాల పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది ఆ మాట వల్లనే. మేము అయిదుగురమో ఆరుగురమో మాత్రమే అంత గుడ్డిగా ఉన్నామా, లేక దేశమే అట్లా ఉండిందా అని తెలుసుకోవాలనిపించింది. దేశం కూడా చాలా కాలం అట్లాగే ఉండింది. కానీ అది మెల్లగా మారింది. మనమే ఇంకా మారలేదు.

బొంబాయి, 1884

మన కామాటీలు బొంబాయిలో మేడలు కడుతూ బతుకుతున్న కాలం అది. అదే ఊళ్ళో రుఖ్మాబాయి అనే వడ్రంగి కులపు అమ్మాయి ఉండేది. 1864లో పుట్టింది. పదకొండో ఏట దాదాజీ భికాజీ అనే అబ్బాయితో పెళ్ళి చేశారు. ఆమె కాపురానికి పోలేదు. తల్లి రెండో పెళ్ళి చేసుకున్న డాక్టరు సఖారాం అర్జున్ ఇంట్లోనే ఉండి, పుస్తకాలు తెప్పించుకుని చదువుకుంది. 1884లో దాదాజీ కోర్టుకు పోయాడు. భార్యను నాతో కాపురానికి పంపించండి అని దావా. దానికి పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ.

ఈ దావా మన ధర్మశాస్త్రాల్లోంచి వచ్చింది కాదు. ఇంగ్లండులో చర్చి కోర్టుల పద్ధతి అది. తెల్లవాళ్ళతో పాటు మన కోర్టుల్లోకి వచ్చింది.

1885లో జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పు చెప్పాడు. ఊహ తెలియని వయసులో జరిగిన పెళ్ళి పేరు చెప్పి, పెద్దయిన ఆడమనిషిని ఇష్టం లేని చోటికి బలవంతంగా పంపలేనన్నాడు. దేశంలో పెద్ద గొడవ లేచింది. తిలక్ పత్రిక కేసరి ఆమెకు వ్యతిరేకంగా రాసింది. అప్పీలులో కేసు తిరిగి విచారణకు వచ్చింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ ఇచ్చిన తీర్పు: భర్త దగ్గరికి పోవాలి, లేకపోతే ఆరు నెలలు జైలు. రుఖ్మాబాయి జైలుకే పోతానంది.

చివరికి 1888లో రెండు వేల రూపాయలు తీసుకుని దాదాజీ రాజీకి వచ్చాడు. ఆమె జైలు తప్పించుకుంది. మరుసటి ఏడు లండను వెళ్ళి వైద్యం చదివింది. తిరిగి వచ్చి సూరత్‌లోనూ రాజ్‌కోట్‌లోనూ ఏళ్ళ తరబడి ఆసుపత్రులు నడిపింది. 1955లో చనిపోయింది.

ఈ కేసులో ఒక్క దెబ్బ కూడా లేదు. ఇద్దరూ కలిసి కాపురమే చెయ్యలేదు. ‘కొట్టాడా?’ అని అడిగితే జవాబు ‘లేదు’. అయినా ఆమె ముందు పెట్టినవి రెండే తలుపులు: ఒకటి మొగుడి ఇల్లు, ఇంకొకటి జైలు. 1994లో మన రేకుల షెడ్డులో ఆ అమ్మాయికి జైలు చూపించలేదు గానీ, రెండో తలుపు కూడా చూపించలేదు.

జైలు పోయింది, దావా మిగిలింది

ఇట్లాంటి కేసుల్లో భార్యను జైలులో పెట్టే నిబంధనను మన దేశంలో 1923లో తీసేశారు. ఆస్తి జప్తు మాత్రం మిగిలింది. మన మద్రాసు రాష్ట్రంలో 1949లోనే విడాకుల చట్టం వచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు విడాకులు దేశమంతటికీ వచ్చాయి. అయితే ఈ పాత ఇంగ్లీషు దావాను కూడా 9వ సెక్షనుగా అందులో పెట్టారు. దాన్ని కనిపెట్టిన ఇంగ్లండు 1970లో తనవరకు రద్దు చేసుకుంది. మన దగ్గర ఇంకా ఉంది.

ఈ 9వ సెక్షనును గట్టిగా నిలదీసింది ఒక తెలుగు కేసే. మద్రాసులో ఉంటున్న సినిమా నటి సరిత మీద ఆమె భర్త కడప కోర్టులో ఈ దావా వేశారు. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983 జులైలో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఎవరితో ఉండాలి, తన శరీరం ఎవరికి దగ్గర కావాలి అన్నది ఆ మనిషి నిర్ణయం, సర్కారు డిక్రీ వేసి తేల్చేది కాదు అన్నది ఆయన వాదం సారం. వాళ్ళిద్దరిలో ఎవరిది తప్పు అన్నది ఇక్కడ నా విషయం కాదు. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆయన తీర్పును ఒప్పుకోలేదు, సెక్షను నిలబడింది. అయినా ఆ ప్రశ్న చావలేదు.

అదే 1983లో శిక్షాస్మృతిలో 498ఎ వచ్చింది. శరీరానికే కాదు, మనసుకు తీవ్రమైన హాని చేసే ప్రవర్తన కూడా క్రూరత్వమే అని అందులో ఉంది. 2024 జులై నుంచి అదే విషయం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. 1987 చివర శోభారాణి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. కింది కోర్టూ హైకోర్టూ కాదన్నా, కట్నం కోసం వేధించడమే క్రూరత్వం అని చెప్పి ఆమెకు విడాకులు ఇచ్చింది. దెబ్బ కోసం వెతకడం అక్కడినుంచి తగ్గుతూ వచ్చింది.

2005: ఇల్లు ఎవరిది?

అసలు మలుపు 2005 గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. అందులో హింస అంటే నాలుగు రకాలు: శరీరానికి చేసేది, లైంగికంగా చేసేది, మాటతో మనసును కుంగదీసేది, డబ్బు విషయంలో చేసేది. పిల్లలు లేరనీ, మగపిల్లవాడు పుట్టలేదనీ ఎత్తిపొడవడం మూడో రకంలో వస్తుంది. ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు అమ్మేయడం, ఇంట్లో వాడుకునే హక్కున్న వాటిని వాడుకోనివ్వకపోవడం నాలుగో రకం. భార్యలకే కాదు, అదే ఇంట్లో బతికే తల్లికి, అక్కకు, విధవ వదినకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

17వ సెక్షను ప్రకారం కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా ఇందులోకి రావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 1887లో కోర్టు ‘ఆ ఇంటికి పో’ అని ఆజ్ఞ వేసింది. 2005 చట్టం ‘ఆమెను ఆ ఇంట్లోంచి గెంటకూడదు, ఆమెను బాధపెట్టకూడదు’ అని ఎదుటివాళ్ళకు ఆజ్ఞ వేస్తుంది. ఆజ్ఞ ఎవరి మీద అన్నది మారింది. నూట పద్దెనిమిదేళ్ళు పట్టింది.

బయటి దేశాల్లో కూడా ఈ ఆలోచన కొత్తదే. ఒక మనిషిని మెల్లమెల్లగా గుప్పెట్లో పెట్టుకోవడం దానికదే నేరమని ఇంగ్లండు 2015లో చట్టం చేసింది. మన దేశంలో ఆ పేరుతో విడిగా నేరం లేదు. కానీ 2005 చట్టంలో దానికి సరిపడా చోటు ఉంది.

మన ఇళ్ళలో ఎట్లా కనిపిస్తుంది

గుప్పెట్లో పెట్టుకోవడం ఒక్క రోజులో జరగదు. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్న విషయమే. అన్నీ కలిపి చూడాలి.

ఫోను తీసి ప్రతి మెసేజీ చూడడం. జీతం వచ్చే ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకోవడం. సర్టిఫికెట్లు, ఆధార్, నగలు బీరువాలో పెట్టి తాళం చెవి ఇవ్వకపోవడం. పుట్టింటికి పోతానంటే ప్రతిసారీ ఏదో ఒక అడ్డు. స్నేహితులు ఒక్కొక్కరుగా తగ్గిపోవడం. ఏ చీర కట్టాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి అన్నది కూడా ఇంకొకరు చెప్పడం. ‘నువ్వు పోతే పిల్లల్ని చూడలేవు’, ‘నువ్వు పోతే నేను చస్తాను’ అనడం. మరుసటి రోజు ఎంతో ప్రేమగా ఉండడం. ఆమె ఏ మాటకైనా జవాబు చెప్పే ముందు ఆయన మొహం చూస్తుంటే, అది పెద్ద గుర్తు.

మనలాంటి వలస వచ్చినవాళ్ళలో ఇంకా రెండు ఉన్నాయి.

మొదటిది భాష. ఆంధ్ర నుంచి కోడలిని తెచ్చుకుంటాం. ఆమెకు తమిళం రాదు. బస్సు బోర్డు చదవలేదు, పక్కింటావిడతో మాట్లాడలేదు, స్టేషనుకు పోయినా ఏం చెప్పాలో తెలియదు. తమిళం నేర్చుకోనివ్వని ఇల్లు ఉంటే అది తాళం వేసిన ఇల్లే. నేను తమిళంలో చదివినవాణ్ణి కాబట్టి ఊరి భాష రాకపోతే ఎంత నష్టమో నాకు బాగా తెలుసు.

రెండోది మేనరికం. దీని మంచి నాకు తెలుసు, మాదీ మేనరికమే. కానీ మేనమామనే చేసుకున్న పిల్లకు పుట్టిల్లూ మెట్టిల్లూ ఒకటే. ఆమె ఫిర్యాదు చేస్తే అమ్మ తన తమ్ముడి మీద తీర్పు చెప్పాలి. అవ్వ కొడుకును కాదనాలి. ఎవరు వింటారు? ‘సొంత మేనమామ’ అన్న మాట ఆమెకు అండ కాలేదు, నోరు మూయించింది. ఆ మాట మేము చల్లగా వాడేశాము.

మగవాళ్ళు కూడా ఇట్లా చిక్కుకుంటారు, నేను కాదనను. 2005 చట్టం ఆడవాళ్ళ కోసమే, కానీ మనం చెవి పెట్టడానికి చట్టం అడ్డు రాదు.

ఏం చెయ్యాలి

ఎవరిమీదైనా మీకు అనుమానం వస్తే ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ‘కొట్టాడా?’ అని అడగకండి. ‘నీకు ఇష్టమైన చోటికి నువ్వు పోగలవా? డబ్బు నీ చేతిలో ఉంటుందా? ఇంట్లో భయం వేస్తుందా?’ అని అడగండి. ‘ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు’ అనకండి. ఆమె చెప్పింది నమ్మండి. ఇవాళే బయటికి రమ్మని తొందర పెట్టకండి, రానన్నా మాట్లాడడం మానకండి. అన్నిటికంటే ముఖ్యం, ఆవేశపడి వెంటనే పోయి భర్తను నిలదీయకండి. ఆమె విడిచిపోతోందని తెలిసిన సమయంలోనే ప్రమాదం ఎక్కువ.

ఆమె ఒప్పుకుంటే ఆధార్, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు, పిల్లల కాగితాల నకళ్ళు నమ్మకమైన ఒక ఇంట్లో ఉంచండి. ఎప్పుడు ఏం జరిగిందో తేదీతో రాసి పెట్టుకోమనండి, అది ఆయన చేతికి చిక్కని చోట.

మహిళల సహాయానికి 181. ప్రాణభయం ఉంటే 112. ఆదాయం ఎంతైనా ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది, దానికి 15100. ప్రతి జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు. ఆమె ఫిర్యాదును రాసుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టేది వాళ్ళే. పుట్టింటికి వచ్చి ఉంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గరే అడగవచ్చు, మొగుడి ఊరికి పోనవసరం లేదు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఆజ్ఞను ఎదుటివాడు మీరితే ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తమిళనాడులో 1992 నుంచే మగళిర్ కావల్ నిలయాలు ఉన్నాయి. అంటే మేము రాజీ పత్రం రాసిన రోజుకు రెండేళ్ళ ముందే మొదలయ్యాయి. మాలో ఒక్కరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఇంకో మాట మనందరికీ. 2005 చట్టం 4వ సెక్షను ప్రకారం ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు రాదు. ‘మనకెందుకు, కోర్టుల చుట్టూ తిరగాలి’ అని భయపడనవసరం లేదు.

నా తీర్మానం

సంఘం కోర్టు కాదు. కానీ కష్టం వస్తే మనవాళ్ళు ముందు సంఘానికే వస్తారు, ఇకముందూ వస్తారు. అందుకని నాలుగు పనులు అడుగుతున్నాను.

1. ఆడమనిషి ఫిర్యాదుతో వస్తే, ముందు ఇద్దరు మహిళా సభ్యులు ఆమెతో విడిగా మాట్లాడాలి. భర్తగానీ, రెండు వైపుల బంధువులుగానీ ఆ గదిలో ఉండకూడదు.

2. అదే రోజు రాజీ పత్రం మీద సంతకం పెట్టించకూడదు. భయపడుతున్న మనిషిని ‘సర్దుకుపో’ అని వెనక్కి పంపకూడదు.

3. పైన రాసిన నంబర్లు, మన జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసరు నంబరు హాలులో తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టాలి. ఆడవాళ్ళ బాత్‌రూము తలుపు లోపలి వైపు కూడా అంటించాలి, అక్కడైతే ఒంటరిగా చదువుకోగలరు.

4. తమిళం రాని కోడళ్ళకు ఆదివారం మధ్యాహ్నం తమిళం నేర్పాలి. ఈ పని నేను చేస్తాను. స్టేషనుకో ఆఫీసుకో పోవాల్సి వస్తే, వాళ్ళ మాట తమిళంలో చెప్పడానికి తోడు కూడా వస్తాను.

పెద్దలకు కోపం వస్తుందని తెలుసు. ‘సంసారాలు కూలుస్తున్నావు’ అంటారు. 1887లో రుఖ్మాబాయిని కూడా అదే అన్నారు. ఆ అయిదుగురు పెద్దలు చెడ్డవాళ్ళు కాదు. ముగ్గురు ఇప్పుడు లేరు. వాళ్ళు వాళ్ళ తండ్రులు అడిగిన ప్రశ్ననే అడిగారు. రాసింది మాత్రం నేను. ఆ రాజీ పత్రం నకలు ఇప్పటికీ సంఘం పాత ఫైల్లో ఉంది, నా చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా. సమావేశానికి దాన్ని తెస్తాను, ఆమె పేరు మూసి. తీర్మానం మీద చెయ్యెత్తే ముందు ఒకసారి చదవండి.

కామెంట్లలో ఎవరి ఇంటి పేరూ, ఎవరి సంగతీ రాయవద్దు. చెప్పుకోవాల్సింది ఉంటే 181కి ఫోను చెయ్యండి, లేదా మన మహిళా సభ్యుల్లో మీకు నమ్మకమున్నవాళ్ళతో నేరుగా మాట్లాడండి.

ఇట్లు,
మీ పాత పార్సెల్ గుమస్తా